ఛాతీ ఎత్తున

ఆ ఊళ్లో చెట్టు నంబరు చదవాలంటే ఎంతటివాడైనా నడుం వంచాల్సి వచ్చేది. మున్సిపాలిటీ పార్కుల విభాగం వాళ్లు చెట్టుకొకటి చొప్పున కొట్టిన రేకు బిళ్లలు సరిగ్గా బడిపిల్లల కళ్లకి అందే ఎత్తులో ఉండేవి. పిల్లలు అంకెలు నేర్చుకోవాలని అలా పెట్టారు కాబోలని కొందరు సరిపెట్టుకున్నారు. కొట్టినవాడు బద్ధకస్తుడై ఉంటాడని ఇంకొందరు తిట్టుకున్నారు. అసలు సంగతి అంత దూరం ఆలోచించాల్సిందేమీ కాదు. ఆ బిళ్లలు కొట్టినాయన ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు, అదీ బూట్లతో కలిపి.

"బూట్లతో కలిపి" అన్న ముక్క ఆయన సొంతం. ఎవరైనా తన ఎత్తు గురించి నోరు తెరిచేలోపే తానే ఓ మాట విసిరి, తానే ముందు నవ్వేసేవాడు. ఎదుటివాడికంటే ముందు నవ్వితే సగం నొప్పి తగ్గుతుందని బళ్లో చదివే రోజుల్లోనే కనిపెట్టాడు. మిగతా సగం ఏం చెయ్యాలో మాత్రం యాభై తొమ్మిదేళ్లొచ్చినా అంతుపట్టలేదు. ఊరంతా ఆయన్ని బిళ్లలాయన అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా పనికిరాలేదు.

బిళ్లలాయన ఆఫీసు ఊరి పెద్ద పార్కులో ఓ మూలనున్న పాత పంపు గది. పంపుని ఎప్పుడో పట్టుకుపోయారు గానీ అది బిగించిన ఇనప బోల్టులు నేల మీద అలాగే లేచి ఉండిపోయాయి. కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఆ బోల్టులే కాలి వేలు చితక్కొట్టి స్వాగతం చెబుతాయి. పాతవాళ్లకి అలవాటే. బిళ్లలాయన మాత్రం ఇరవై నాలుగేళ్లుగా నెలకోసారైనా తన్నుకుంటూనే ఉన్నాడు. పైకి చూస్తూ నడిచే అలవాటు తనదని, పొట్టివాళ్లకి అది తప్పదని చెప్పేవాడు. గదిలో ఓ గోడకి పారలు, గునపాలు, చుట్టలు చుట్టిన నీళ్ల గొట్టాలు. ఇంకో గోడకి చెట్ల రిజిస్టర్లు.

ఆ రిజిస్టర్లే ఆయన జీవితం. ఆరేళ్లకోసారి ఊళ్లో చెట్లన్నిటినీ లెక్కపెట్టాలి. చెట్టు మొదలు చుట్టూ టేపు చుట్టి కొలత రాయాలి. బిళ్ల కొట్టాలి. మొదలు మీటరు చుట్టుకొలత దాటితే ఆ చెట్టుని ఎవరూ ముట్టుకోకూడదు. వరుసగా నాటిన చెట్లయితే సగానికి పైగా మీటరు దాటితే చాలు, వరుస మొత్తానికీ రక్షణే. కొలత ఎక్కడ తియ్యాలో కూడా రూలు పుస్తకంలో రాసి ఉంది: ఛాతీ ఎత్తున, అనగా నేల నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర. దానికోసం సరిగ్గా అంత పొడవున్న, ఎరుపూ తెలుపూ పట్టీలేసిన ఓ కొలకర్ర ఇస్తారు.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం బిళ్లలాయన ఆ కర్ర భుజాన వేసుకుని ఉత్సాహంగా బయల్దేరాడు. పార్కు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి, కర్రని ఆయన పక్కన నిలబెట్టి చూశాడు. కర్ర సరిగ్గా ఆయన నుదుటి దాకా వచ్చింది. "ఇంతకీ మీ ఇద్దరిలో ఉద్యోగం ఎవరికొచ్చింది?" అన్నాడు వాచ్‌మన్. తోటమాలులంతా పడీపడీ నవ్వారు. అందరికంటే గట్టిగా బిళ్లలాయనే నవ్వాడు. సాయంత్రం తిరిగొచ్చి ఆ కర్రని పారల వెనక నిలబెట్టాడు. మళ్లీ దాని జోలికి పోలేదు.

ఛాతీ ఎత్తు అంటే ఛాతీ ఎత్తే కదా, నాకు మాత్రం ఛాతీ లేదా అనుకున్నాడు. ఉంది, నేలకి మూడున్నర అడుగుల ఎత్తులో. అక్కడే టేపు చుట్టాడు, అక్కడే బిళ్ల కొట్టాడు. చెట్టు మొదలు కిందకి పోయే కొద్దీ లావెక్కుతుందన్న సంగతి తెలియక కాదు. చెట్ల మనిషికి అది తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అప్పటికి ఆ సంగతి గుర్తు చేసుకోదలచలేదు, అంతే.

ఆరేళ్ల తర్వాత రెండో లెక్కప్పుడు మాత్రం మనసు పీకింది. ఓ రోజు తెల్లవారుజామున ఎవరూ లేవకముందే, కర్రని దుప్పట్లో చుట్టుకుని సముద్రపు రోడ్డుకి వెళ్లాడు. నాలుగు చెట్లు కొలిచాడు. నాలుగూ ఆ వారమే రిజిస్టరులో రాసినదానికంటే ఆరేడు సెంటీమీటర్లు తక్కువ తేలాయి. ఐదో చెట్టు కొలవలేదు. మళ్లీ దుప్పట్లో చుట్టుకొచ్చి పారల వెనక పెట్టేశాడు. తప్పు దిద్దుకోవాలంటే కర్ర ఎందుకు వదిలేశావని అడుగుతారు. వాచ్‌మన్ నవ్వాడండీ అని ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు? అదీగాక, తన పొట్టితనం వల్ల ఊళ్లో నాలుగు చెట్లు ఎక్కువ బతుకుతుంటే నష్టమేంటని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. మనిషికి సర్దిచెప్పుకోవడం చేతనైతే మహా సుఖంగా ఉంటుంది. ఆయనకి బాగా చేతనయింది. మరో రెండు లెక్కలు అలాగే గడిచిపోయాయి.

సముద్రపు రోడ్డు మీద వరుసగా నలభై ఒక్క బాదం చెట్లు. రిజిస్టరు ప్రకారం అందులో ఇరవై ఆరు మీటరు దాటాయి, కాబట్టి వరుస మొత్తం క్షేమం. ఆ నీడలో వలలు బాగుచేసే ఆడవాళ్లు కూర్చుంటారు. ఐసు గోదాముకీ ఆ ఆడవాళ్లకీ మధ్య, పంతొమ్మిదో నంబరు చెట్టు కింద బిళ్లలాయన భార్య కుట్టుమిషను వేసుకుంటుంది. పడవల వాళ్ల చొక్కాలకి అతుకులు, తెరచాపలకి అంచులు, పిల్లలకి బడి బట్టలు అన్నీ అక్కడే. ఎండ పడకుండా ఓ నీలం పట్టా, ఆ పట్టా తాడు చెట్టు మొదలు చుట్టూ కట్టి ఉంటుంది.

ఆ తాడు దగ్గర ఆవిడకి ఎప్పుడూ ఓ ఫిర్యాదు. అదే తాడు విప్పి మళ్లీ కట్టబోతే ముడికి కొస అందడం లేదని, ఏటా ఓ ముక్క అతకాల్సి వస్తోందని అనేది. "ఉప్పుగాలికి తాడు కుంచించుకుపోతుందే, సముద్రం పక్కన అది మామూలే" అని బిళ్లలాయన నిపుణుడి హోదాలో తేల్చేశాడు. చెట్ల శాఖలో అన్నేళ్లు పనిచేసిన మనిషి చెప్పాడు కదా అని ఆవిడ ఇంకో ముక్క అతికింది.

ఇంకో ఐదు నెలల్లో రిటైరవుతాడనగా రోడ్డు వెడల్పు పని వచ్చింది. పని తీసుకున్న కాంట్రాక్టరు ఆరడుగుల పైచిలుకు మనిషి. దారికి అడ్డొచ్చే చెట్ల నంబర్లు రాసుకుందామని ఓ పొద్దున బయల్దేరి, నలభై ఒక్క చెట్ల దగ్గరా నలభై ఒక్కసార్లు వంగాడు. నడుం పట్టేసింది. ఇంటికెళ్లి నడుముకి కాపడం పెట్టించుకుంటూ ఆలోచించాడట, ఇంత కింద బిళ్ల ఎవడు కొట్టాడు, వాడు టేపు ఎక్కడ చుట్టి ఉంటాడు అని. మర్నాడే ఫిర్యాదు పెట్టాడు. కొలతలన్నీ తప్పు, మళ్లీ కొలిపించాలి అని.

ఫిర్యాదు పార్కుల విభాగం కొత్త ఇంజనీరమ్మ దగ్గరికొచ్చింది. చేరి మూడు నెలలయింది, ఇరవై ఆరేళ్లుంటాయేమో. ఆ అమ్మాయి పంపు గదికే వచ్చి బిళ్లలాయన్ని ఎదురుగా కూర్చోబెట్టింది. బాబాయిగారూ అనే పిలిచేది. మీ రిజిస్టరులో ఒక్క కొట్టివేత కూడా లేదు, ఇంత శ్రద్ధగా రాసిన పుస్తకం ఈ ఆఫీసులో ఇంకోటి చూడలేదు అంది. రూలు ప్రకారం కొలకర్రతోనే కొలిచానని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టివ్వండి, దాని కింద నేను సంతకం చేసి ఫిర్యాదు కొట్టేస్తాను, చెట్ల జోలికి ఎవరూ రారు అంది. రేపు పొద్దున ఇచ్చినా చాలంటూ తెల్ల కాగితం చేతిలో పెట్టింది.

బిళ్లలాయన ఆ కాగితం పట్టుకుని లేచాడు. లేస్తూనే బోల్టు తన్నుకున్నాడు. సంతకం పెడితే చెట్లు బతుకుతాయి, పెట్టకపోతే పోతాయి. ఇరవై ఆరు అని రాసినవాటిలో నిజంగా మీటరు ఉండేవి పదమూడు దాటవని ఆయన లెక్క. నలభై ఒకటిలో పదమూడు అంటే వరుస మొత్తం గొడ్డలి పాలే. చేతులారా చెట్లని కొట్టించడమా, లేక ఆ పిల్ల చేత అబద్ధం కింద సంతకం పెట్టించడమా? సన్నకారు ఉద్యోగికి ఇంత పెద్ద ప్రశ్న రాకూడదు, అందులోనూ నా సైజు ఉద్యోగికి అసలే రాకూడదు అనుకున్నాడు. ఈసారి నవ్వు రాలేదు.

సాయంత్రం పంతొమ్మిదో చెట్టు దగ్గరికి వెళ్లాడు. భార్య ఎవరిదో పంట్లాం అంచు మడిచి కుడుతోంది. ఆయన మిషను పక్కనున్న పీట మీద కూర్చుని మొత్తం కక్కేశాడు. వాచ్‌మన్, కర్ర, దుప్పటి, అన్నీ. ముప్పై ఒక్కేళ్ల కాపురంలో ఆవిడకి చెప్పని రహస్యం అదొక్కటే. ఆవిడ మిషను ఆపను కూడా ఆపలేదు.

"నీ చొక్కాలు కుట్టేది నేనే కదయ్యా. నీ ఛాతీ ఎక్కడుంటుందో నాకు తెలీదా? మొదటి బిళ్ల కొట్టిన రోజే తెలుసు."

"మరి ఒక్కసారైనా అనలేదేం?" అన్నాడు బిళ్లలాయన.

"ఏమని అనను? నువ్వు పొట్టివాడివని నేను కూడా చెప్పాలా?"

ఆయన తల వంచుకున్నాడు. ఈ చెట్టు పోతే నీ మిషను ఎక్కడ పెడతావని అడిగాడు. ఆవిడ అప్పుడు చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. వలల దగ్గర కూర్చున్న ఆడవాళ్ల వైపు చూసింది.

"నేను ఏ గోడ పక్కనో పెట్టుకుంటాను. వాళ్లకే నీడ ఉండదు. కానీ ఆ పిల్ల నిన్న గాక మొన్న ఉద్యోగంలో చేరింది. నువ్వు ఐదు నెలల్లో ఇంటికొచ్చి పడుకుంటావు. రేపు ఆ కాంట్రాక్టరు కోర్టుకెక్కితే ఎవరిని నిలదీస్తారు?"

అంతే, మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. పంట్లాం అంచు మాత్రం వంకరగా వచ్చింది. విప్పి మళ్లీ కుట్టింది.

పొద్దున్నే బిళ్లలాయన ఇంజనీరమ్మకి కాగితం ఇచ్చాడు. కొలకర్రతో కొలవలేదని, నాలుగు లెక్కల్లోనూ సొంత ఛాతీ ఎత్తునే కొలిచానని, కారణం సిగ్గు అని రాశాడు. సర్కారు కాగితం మీద "సిగ్గు" అని రాయవచ్చో లేదో ఆయనకి తెలియదు, వేరే మాట దొరకలేదు. ఆ అమ్మాయి చదివి, కాగితం మడిచి ఫైల్లో పెట్టింది. తర్వాత కాంట్రాక్టరుకి ఫోను చేసి రమ్మంది. బిళ్లలాయనతో ఒక్కటే అంది:

"కర్ర తీసుకురండి బాబాయిగారూ. మీరే పట్టుకోవాలి."

పారల వెనకనుంచి కర్ర తీస్తే దానికి పట్టిన బూజు ఓ బుట్టెడు వచ్చింది. దాన్ని భుజాన వేసుకుని ఊరి మధ్యలోంచి సముద్రపు రోడ్డు దాకా నడిచాడు. దారిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. ఈసారి తానే ముందు నవ్వుదామన్నా పెదవులు కదల్లేదు. కాంట్రాక్టరు అప్పటికే వచ్చి, చల్లగా నవ్వుతూ నిలబడి ఉన్నాడు. సొంత స్టీలు టేపు తెచ్చుకున్నాడు. ఆ టేపుతోనే కొలుద్దామంది ఇంజనీరమ్మ. వలల ఆడవాళ్లు పని ఆపి లేచారు. చెట్లు పోతాయన్న వార్త వాళ్లకి ముందే తెలిసిపోయింది, ఎవరి వల్ల పోతున్నాయో కూడా. బిళ్లలాయన వైపు చూసిన చూపులో మాత్రం వెక్కిరింత లేదు, అదే ఆయనకి ఇంకా కష్టమనిపించింది.

మొదటి చెట్టు. కర్ర మొదలుకి ఆనించి నిలబెట్టాడు. కర్ర కొస దగ్గర ఇంజనీరమ్మ టేపు చుట్టింది. తొంభై ఎనిమిది సెంటీమీటర్లు. కాంట్రాక్టరు బొటనవేలితో మీసం దువ్వుకున్నాడు. బిళ్లలాయన గుండె జారి బూట్లలో పడింది. రెండోది నూట నాలుగు. మూడోది నూట తొమ్మిది. నాలుగోది తొంభై ఐదు. ఐదోది నూట ఏడు, ఆరోది నూట పదకొండు. ఈ పిల్ల నా మీద జాలిపడి టేపు వదులుగా చుడుతోందా ఏమిటని ఆయనకి అనుమానం వచ్చింది. కర్ర వదలకుండానే మునివేళ్ల మీద లేచి టేపు చూశాడు. బిగించే ఉంది. కాంట్రాక్టరు మీసం వదిలేసి తానే టేపు లాక్కుని చుట్టాడు. ఏడోది నూట రెండు. ఎనిమిదోది నూట పది.

పంతొమ్మిదో చెట్టుకి వచ్చేసరికి భార్య మిషను పక్కకి జరిపి, పట్టా తాడు విప్పి చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. మూడు నాలుగు చోట్ల అతికిన తాడు. కాంట్రాక్టరు టేపు చుట్టి అంకె చదవకుండా ఊరుకున్నాడు. ఇంజనీరమ్మ చదివింది. నూట పదహారు.

భార్య తాడు వైపు చూసింది, చెట్టు వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. "తాడు కుంచించుకుపోయిందా?" అంది.

మొత్తం నలభై ఒకటిలో ముప్పై ఒకటి మీటరు దాటాయి. కాంట్రాక్టరు తన టేపుని చుట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని వెళ్లిపోయాడు. ఇది ఎలా సాధ్యమని బిళ్లలాయన అడిగితే ఇంజనీరమ్మ ఆయన్ని వింతగా చూసింది.

"పాత లెక్క అయి ఆరేళ్లయింది కదా బాబాయిగారూ. చెట్లు పెరగవా?"

బిళ్లలాయన కర్ర పట్టుకుని అక్కడే ఓ రాయి మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. సంతోషంతోనే అని అందరూ అనుకున్నారు, చాలావరకు నిజమే. కానీ మిగతాది వేరు. ఇరవై నాలుగేళ్లుగా ఆ చెట్లన్నిటినీ తన అబద్ధమే భుజాన మోస్తోందనుకున్నాడు. అది తన పాపమూ, తన ఘనకార్యమూ అనుకున్నాడు. తీరా చూస్తే అవి వాటి మానాన పెరిగిపోయాయి. రోజూ పొద్దునా సాయంత్రం ఆ రోడ్డు మీదే వెళ్తూ, పెళ్లాం తాడు అతుక్కుంటుంటే పక్కన నిలబడి చూస్తూ, చెట్టు పెరుగుతోందన్న సంగతి గమనించనివాడు చెట్ల శాఖలో జీతం తీసుకున్నాడు. ఆ మాట తర్వాత ఆయనే అందరికీ చెప్పేవాడు. ఎవరో అనేలోపు ముందే అనడం కోసం కాదు, నిజంగానే నవ్వొచ్చి.

తప్పుకి మెమో వచ్చింది. అది సర్వీసు పుస్తకంలో కూడా ఎక్కింది. శిక్షగా రిటైరయ్యేలోపు ఊళ్లో చెట్లన్నీ కర్రతో మళ్లీ కొలిచి, బిళ్లలన్నీ పీకి నాలుగున్నర అడుగుల ఎత్తున కొట్టాలన్నారు. అక్కడ మేకు కొట్టాలంటే ఆయన చెయ్యి సరిగా ఆడదు. అందుకని భార్య మిషను పక్కనున్న పీటని అడిగి పట్టుకెళ్లాడు. ఓ చేత్తో కర్ర, ఇంకో చేత్తో పీట, మెడలో మేకుల సంచి. నాలుగు నెలలు ఊరు ఊరంతా ఆయన్ని ఆ అవతారంలో చూసింది. కొన్ని వీధుల్లో చిన్న చెట్లు మీటరుకి తక్కువ తేలాయి. వాటిని తక్కువగానే రాశాడు. ఇప్పుడు పార్కులో చెట్టు నంబరు చదవాలంటే పిల్లలే మెడలెత్తాలి. బిళ్లలాయన కూడా.

రిటైర్మెంటు రోజుకి కొత్త చొక్కా కుడతానని భార్య ఆయన్ని పంతొమ్మిదో చెట్టుకి ఆనించి నిలబెట్టి టేపు పట్టింది. వలల ఆడవాళ్లు చూస్తున్నారు. ఆవిడ భుజం నుంచి కిందకి కొలిచి, నోట్లోని సుద్దముక్క తీసి, మళ్లీ కొలిచింది. తర్వాత తల నుంచి మడమ దాకా కూడా కొలిచింది.

"ఏమయ్యా, ఓ అంగుళం తగ్గావు."

"తగ్గడమేమిటే. ఉప్పుగాలికి నీ టేపు సాగినట్టుంది."

"అవునవును" అంది ఆవిడ, గుడ్డ అంచు అంగుళం లోపలికి మడుచుకుంటూ. "తాడేమో కుంచించుకుపోతుంది, టేపేమో సాగిపోతుంది. నువ్వూ చెట్టూ మాత్రం ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు."